పెట్రోల్ కొట్టించుకురమ్మని పంపింది మేమే

మావాడికి ఇంటర్ అయిపోయింది. మార్కులు బాగానే వచ్చాయి, మా శ్రీకాకుళం దగ్గరే, చిలకపాలెం వైపు ఇంజినీరింగ్ కాలేజీలో సీటూ వచ్చింది. ఇక ఇంట్లో ఒకటే మాట, బండి. "అందరికీ కొనేస్తన్నారమ్మా, నాకే లేదు" అని వాడు. "మగపిల్లడు, నలుగురిలో చిన్నతనం కదమ్మా" అని మా అత్తయ్య. విశాఖలో మా ఆడపడుచు వాళ్ళు కొడుక్కి 18 నిండగానే ఏకంగా కారే కొనిచ్చారు, దాంతో వీడి పంతం ఇంకా పెరిగింది. నేను మాత్రం ఇప్పుడు కొనేది లేదని చెప్పేశాను. ఎందుకో ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఇక్కడ రాయడమే నయం.

పోయిన కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్న ఈయన వాడి చేతిలో గేర్ల బండి తాళం, రెండు వందలు పెట్టి పెట్రోల్ కొట్టించుకురా అన్నారు. నేను వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. వద్దనలేదు. వాడికప్పుడు 17 ఏళ్ళు. బంకు దగ్గరే కదా, అంతకుముందు పదిసార్లు వెళ్ళాడు కదా అనుకున్నాను. గంట తర్వాత వచ్చి, అరసవల్లి జనం, బంకులో రష్ అన్నాడు. ఆదివారం కాబట్టి నమ్మేశాను.

ఇంట్లో ఎప్పుడూ నిక్కరే వేసుకునే పిల్లాడు ఆ తర్వాత మూడు రోజులూ రాత్రిపూట కూడా ప్యాంటుతోనే పడుకున్నాడు. మూడో రోజు నడుస్తుంటే కాలు ఈడుస్తున్నాడని కూర్చోబెట్టి ప్యాంటు పైకి తియ్యబోతే రాలేదు, అతుక్కుపోయింది. గోరువెచ్చని నీళ్ళతో నానబెట్టి మెల్లగా తీశాను. కుడి పిక్క మీద నా అరచేతిలో సగమంత మేర కాలింది. దాని మీద టూత్‌పేస్ట్ రాసుకున్నాడు, అది ఎండి అంచుల్లో తెల్లగా పెచ్చులు కట్టింది, మధ్యలో ఎర్రగా చెమ్మ. మలుపులో ఇసక మీద బండి జారి, వీడి కాలు సైలెన్సర్ కింద పడిందట. ఎవరో ఆటో ఆయన వచ్చి బండి లేపాడట. వెనక బస్సు వస్తోందట, ఆగిందట. ఆ చివరి మాట వినేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆగకపోతే?

వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. పంపింది మేమే.

తర్వాత కూర్చుని చట్టం ఏమంటుందో చదివాను. చదివాక ఇంకా టెన్షన్ వచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 199ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడుపుతూ నేరానికి పాల్పడితే దోషి తల్లిదండ్రులో, బండి ఓనరో. మూడేళ్ళ వరకు జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. అన్నిటికంటే మావాణ్ణి కదిలించింది వేరే మాట, అలా దొరికిన పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. "పాతికేళ్ళా!" అని ఫోన్ పక్కన పెట్టేశాడు. ఇంకో సంగతి, 16కే లైసెన్స్ ఇస్తారని మన వాళ్ళలో చాలామంది అంటుంటారు. ఇస్తారు, కాకపోతే 50 సీసీ దాటని, గేర్లు లేని బండికి, అదీ పెద్దవాళ్ళ సంతకంతో. మన ఇళ్ళ ముందున్న స్కూటీలు దాదాపు అన్నీ 50 సీసీ దాటినవే, కాబట్టి వాటికి అది పనికిరాదు.

ఇన్సూరెన్స్ సంగతి కూడా తెలుసుకోండి. కొత్త బండితో పాటు ఐదేళ్ళ థర్డ్ పార్టీ కట్టించుకుంటారు కాబట్టి అంతా కవర్ అయిపోయిందని మనం ధీమాగా ఉంటాం. లైసెన్స్ లేనివాడు గుద్దితే కంపెనీ ముందు బాధితులకి కట్టి, ఆ డబ్బు మళ్ళీ ఓనరు దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు తీర్పులిచ్చాయి. అంటే ఎవరి ఇంటికో కష్టం తెచ్చి, మన ఇల్లూ అమ్ముకోవాలి.

ఇక్కడ మా పెద్దమ్మాయి సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. దానికి 19 ఏళ్ళప్పుడు, బ్యాంకు కోచింగ్‌కి వెళ్ళడానికి నా స్కూటీ ఇవ్వాలా వద్దా అని ఈ ఇంట్లో ఆరు నెలలు చర్చ జరిగింది. లైసెన్స్ వచ్చిందా, హెల్మెట్ ఉందా, చీకటి పడేలోపు వస్తుందా, చున్నీ చక్రంలో పడదా, అన్నీ అడిగాం. తమ్ముడికి 14 ఏళ్ళకే తాళం ఇచ్చేశాం, ఒక్కరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. దానికి వేసిన ప్రశ్నలు మంచివే, వీడికీ వెయ్యాల్సింది.

సరే, ఈయనా నేనూ మాట్లాడుకుని ఒక మాట మీదకి వచ్చాం. కాలేజీకి బస్సే. చిలకపాలెం అంటే 16వ నంబరు జాతీయ రహదారి. దూరం తిరిగి రావడానికి బద్ధకించి రాంగ్ రూట్లో ఎదురొచ్చే బళ్ళు, కోతల రోజుల్లో రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, చీకట్లో లైట్లు లేకుండా ఆగిపోయిన లారీ. చాలా ఏళ్ళుగా బండి నడుపుతున్న నాకే సింహద్వారం దగ్గర హైవే ఎక్కాలంటే ఒకసారి గుండె గట్టిపరచుకోవాలి. లైసెన్స్ వచ్చాక ఊళ్ళో పనులకి, ఏడు రోడ్ల కూడలి వరకో డే అండ్ నైట్ జంక్షన్ వరకో, నా స్కూటీ తీసుకెళ్ళొచ్చు. మొదటి ఆరు నెలలు వెనక స్నేహితులు ఎక్కకూడదు. వెనక ఒకడు కూర్చుంటే ఈ వయసు పిల్లలు బండి నడిపే తీరే మారిపోతుంది, మీరూ చూసే ఉంటారు.

సొంత బండి సంగతి రెండో ఏడాది అయ్యాకే. మార్కులకి బహుమతిగా అయితే అసలు కొనను, ఈ విషయంలో అత్తయ్య ఎంత అలిగినా సరే. బహుమతి అని ఇచ్చింది మళ్ళీ వెనక్కి తీసుకోలేం. వాడి పేరు మీద లక్షన్నర బండి గుమ్మంలో ఉంటే, ఎక్కడికిరా అని అడిగే హక్కు నాకు పోతుంది. నా స్కూటీ అయితే తాళం కోసం రోజూ నా దగ్గరికి రావాలి. వచ్చినప్పుడు ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు అన్న నాలుగు మాటలు వస్తాయి. నాకు ఆ నాలుగు మాటలే కావాలి. కారు కొన్న మా ఆడపడుచుతో కూడా ఇదే అన్నాను, కారు ఇంటిది చెయ్యి, వాడిది చెయ్యకు అని. తను ఏమీ అనలేదు, ఆలోచిస్తోందనే అనుకుంటున్నాను.

వేసవిలో వాడికి 18 నిండాయి, ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్స్, వచ్చింది. 30 రోజులు దాటితే గానీ టెస్టుకి వెళ్ళడానికి లేదు. అందుకని ఆదివారాలు తెల్లవారకముందే, ఎండ ఎక్కకుండా, ఒక ఖాళీ లేఅవుట్‌కి వెళ్తున్నాం. టెస్టులో కాలు కింద పెట్టకుండా 8 ఆకారంలో తిప్పాలి కదా, మొదటి రోజు రాళ్ళు పెట్టి చూశాం, కుదరలేదు. రెండో వారం ఇంట్లోంచి ముగ్గుపిండి పట్టుకెళ్ళి నేల మీద పెద్ద 8 వేశాను. మొదటిసారి ఐదుసార్లు కాలు పెట్టాడు. మొన్న ఒక్కసారే, రెండో సున్నా మలుపులో, కుడి వైపు ఒరిగేటప్పుడు. అటు ఒరిగినప్పుడల్లా ఆ కాలు దానంతటదే బయటికి వచ్చేస్తోంది. నేను కూడా దాని గురించి ఏమీ అనడం లేదు, ఇంకోసారి తిప్పు అంటున్నాను.

స్లాట్ వచ్చే శుక్రవారం. ఈలోపు ఒక ఆదివారం ఉంది, ముగ్గుపిండి అయిపోయింది, కొనాలి.