ఘూమ్ స్టేషన్: మేడ మీద మ్యూజియం, కింద నడిచే రైలు

బుధవారం. పొద్దుటి నుంచీ మబ్బు స్టేషన్‌లోకే దిగి కూర్చుంది. డార్జిలింగ్ చిన్న రైలు దారిలోని ఘూమ్‌లో ఇదేం వార్త కాదు. ఎత్తు 2,258 మీటర్లు. బోర్డు మీద అడుగుల్లో 7,407 అని రాసి ఉంటుంది. దేశంలో ఇంతకన్నా ఎత్తున రైల్వే స్టేషన్ లేదు. మన అరకు దారిలోని శిమిలిగూడ 996 మీటర్లకే ఎంత పేరు తెచ్చుకుందో తెలుసుగా!

డార్జిలింగే పై కొస అని చాలామంది అనుకుంటారు. కాదు. మైదానం నుంచి ఎక్కుతూ వచ్చిన లైను ఘూమ్‌లో శిఖరం తాకి, అక్కడి నుంచి డార్జిలింగ్‌కు దిగుతుంది. ఆ దిగుడు మరీ నిటారుగా ఉండటంతో 1919లో బతాసియా దగ్గర పట్టాలను గుండ్రంగా తిప్పి, తన మీదుగానే దాటించి వాలు తగ్గించారు. ఈస్టర్న్ బెంగాల్ రైల్వే అధికారి ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ఆలోచనతో 1879లో మొదలైన పని 1881 జులైకల్లా డార్జిలింగ్ చేరింది. పట్టాల మధ్య దూరం 610 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజిగా మారకముందు మన నౌపడా–గుణుపురం చిన్న రైలు దీనికంటే వెడల్పు, 762. బండిదారి పక్కనే, కొండ మలుపులకు తగ్గట్టు లైను వేయాలంటే ఇంత ఇరుకు గేజి తప్పలేదు.

మ్యూజియం స్టేషన్ మేడ మీద. పాత ఫొటోలు, టికెట్లు, ఇంజను భాగాలు. బయట యార్డులో బేబీ సివోక్ అనే బుల్లి ఇంజను. ఇలాంటి చోట్ల చీటీల మీద సంవత్సరం ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది, ఆ వస్తువుతో ఏం చేసేవారో మాత్రం ఉండదు. కానీ ఈ లైనులో ప్రతి వస్తువు వెనకా ఒకటే చిక్కు: చక్రం జారకూడదు.

వాలు చాలాచోట్ల 25 అడుగులకు ఒక అడుగు. ముంబయి–పుణే మధ్య భోర్ ఘాట్‌లోనే 37కి ఒకటి, అదీ బ్రాడ్‌గేజి. ఇక్కడి బి క్లాస్ ఇంజను బరువు సుమారు 15 టన్నులు, చక్రాలు నాలుగే. నీళ్ల తొట్టె బాయిలర్ మీదే జీను వేసినట్టు ఉంటుంది, బొగ్గూ ఇంజను మీదే. ఉన్న బరువంతా ఆ నాలుగు చక్రాల మీదే పడాలని ఆ ఏర్పాటు. అయినా మబ్బు తడి పట్టాల మీద పలచగా పరుచుకుంటే పట్టు పోతుంది. జోరు వానే కొంత నయం, పట్టా కడుక్కుపోతుంది. ఈ సన్నటి తుంపరే చెడ్డది.

అందుకే ఇంజను ముందు దిమ్మె మీద చెరో పక్క ఒక మనిషి కూర్చుని పట్టాల మీద చేత్తో ఇసుక వేసేవాడు. చూడటానికి తేలిక పనిలా ఉంటుంది. ఇసుక పొడిగా లేకపోతే ఉండలు కట్టి పడుతుంది. ఎక్కువైతే వెనక పెట్టెలను లాగడం బరువవుతుంది. ఒక పక్కే వేస్తే ఆ చక్రం పట్టుకుంటుంది, అవతలిది జారుతుంది, ఇరుసు మెలిపడుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు, చక్రం గిర్రున తిరుగుతుండగా ఇసుక చల్లడం. ఒక్కసారిగా పట్టు దొరికి చక్రాలను తిప్పే కడ్డీలు వంగే ప్రమాదం. ముందు డ్రైవరు ఆవిరి తగ్గించాలి, చక్రం కుదుటపడాలి, ఆ తర్వాతే ఇసుక.

కింద ఘాట్‌లో చోటు లేని దగ్గర జెడ్ మలుపులు, మొత్తం ఆరు. రైలు ముందుకెళ్లి పాయింట్లు, అంటే ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే పట్టాలు, దాటి ఆగుతుంది. పాయింట్లు మార్చాక వెనక్కి నడుస్తూ ఎక్కుతుంది. మళ్లీ పాయింట్లు మార్చాక ముందుకు. చివరి పెట్టె పాయింట్లు పూర్తిగా దాటకుండా మారిస్తే పెట్టె పట్టా తప్పుతుంది. కాబట్టి ఆ కొస లైను ఎంత పొడవో రైలూ అంతకు మించకూడదు. పెట్టెలు మూడు నాలుగే ఎందుకో దీన్నిబట్టి సగం అర్థమవుతుంది.

అట్ట టికెట్ల సంగతి వేరు. దేశమంతటా ఒకే కొలత, 57 మిల్లీమీటర్లకు 30. గొట్టంలో వరసగా పేర్చి, అడుగు నుంచి లాగి, తేదీ యంత్రంలో నొక్కి ఇచ్చేవారు. పొద్దుటి నంబరుకీ సాయంత్రం నంబరుకీ తేడా ఎంతో, అన్ని టికెట్ల డబ్బు పెట్టెలో ఉండాలి. చెమ్మకు అట్ట ఉబ్బితే గొట్టంలో ఇరుక్కుంటుంది, లేదా రెండు కలిసి వస్తాయి. లెక్క అక్కడే తప్పేది.

ఆ చెమ్మే మ్యూజియానికీ శత్రువు. కాగితానికి బూజు, ఇనుముకు తుప్పు. ఆరుబయట నిలబెట్టిన ఏ ఇంజనుకైనా పైరంగు చాలదు. పొగపెట్టె, అంటే చిమ్నీ కింద పొగ చేరే అర, అడుగున మిగిలిన బూడిద తడిస్తే లోపలి నుంచి రేకును తినేస్తుంది. బూడిదంతా గోకి తీసి, చిమ్నీకి మూత వేసి, నీళ్లు నిలిచే మూలల్లో చిల్లులు పెట్టాలి. బయటికి నిగనిగలాడే ఇంజను లోపల జల్లెడైపోవడం ఇలాగే.

1999లో యునెస్కో గుర్తింపు ఈ లైను మొత్తానికి వచ్చింది, ఒక్క మ్యూజియానికి కాదు. పాత భాగాలు ఎక్కడా దొరకవు. అరిగినవి ఈ లైను మీదే ఉన్న తిన్‌ధారియా వర్క్‌షాపులోనే చేసుకోవాలి. ఆ పనితనం పోతే అద్దాల వెనక ఎన్ని పెట్టినా లాభం లేదు.

డార్జిలింగ్ నుంచి జాయ్‌రైడ్‌లో, అంటే ఘూమ్ దాకా వచ్చి తిరిగి వెళ్లే విహార రైల్లో, వస్తే మ్యూజియం రుసుము ఆ టికెట్లోనే కలిసి ఉంటుంది. ఘూమ్‌లో దాదాపు అరగంట ఆగుతుంది. అందరూ ఒక్కసారిగా మెట్లెక్కేస్తారు. సరిగ్గా అప్పుడే కింద ఇంజనును విడదీసి, పక్క లైను మీదుగా రెండో కొసకు తెచ్చి తగిలిస్తారు. రెండూ చూడాలంటే ఆ అరగంట చాలదు. జాయ్‌రైడ్ రోజున ప్లాట్‌ఫాం మీదే ఉండి ఇంజను చూడండి. మ్యూజియానికి ఇంకో పూట షేర్ జీపులో రండి, స్టేషన్ రోడ్డు మీదే ఉంది.