షాశీలో మూడు రాత్రులు

షాశీ అని యాప్‌లో కొడితే ముందు వచ్చేది మనకి కావలసిన షాశీ కాకపోవచ్చు. షాంఘైకి దగ్గర్లో తాయ్‌త్సాంగ్ పక్కన ఒక షాశీ ఉంది, అది కాలవల ఊరు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఇంకోటి ఉంది. మేం వెళ్లింది యున్నాన్ రాష్ట్రంలో, దాలీ ప్రాంతంలో, జ్యెన్‌చ్వాన్ జిల్లాలో ఉన్న షాశీకి. గది బుక్ చేసేటప్పుడు చిరునామాలో జ్యెన్‌చ్వాన్ అన్న మాట లేకపోతే డబ్బు కట్టొద్దు. రెండు వేల కిలోమీటర్ల అవతల గది దొరికి లాభం లేదు.

రెండో సంగతి వారాలు. షాశీలో సంత శుక్రవారం. శని, ఆదివారాల్లో దాలీ, లీజ్యాంగ్‌ల నుంచి జనం కార్లేసుకుని వచ్చి పడతారు. ఇక్కడ తీసిన ఒక టీవీ సీరియల్ 2023లో దేశమంతా ఆడాక ఈ తాకిడి ఇంకా పెరిగింది. అందుకని బుధవారం సాయంత్రం దిగడం, గురువారం కొండ గుహలు, శుక్రవారం సంత, శనివారం పొద్దున్నే బయటపడటం. మేం ఇలాగే చేశాం, ఎవరికైనా ఇదే చెప్తాను. మే 1 నుంచి ఐదు రోజులు, అక్టోబర్ 1 నుంచి వారం రోజులు, చైనా కొత్త సంవత్సరం సెలవులు మాత్రం ఈ లెక్కకి అందవు. ఆ రోజుల్లో వెళ్లకపోవడమే మంచిది.

ఈ ప్రయాణంలో చెడేదంతా ఊరు చేరకముందే చెడుతుంది, ముఖ్యంగా ఫోను దగ్గర. చైనాలో పల్లెటూరి కూరగాయల బండికి కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది, కాని మన ఫోన్‌పే, జీపే అక్కడ పనిచేయవు. ఇంట్లో ఉండగానే అలీపే అనే చైనా చెల్లింపుల యాప్ పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా గాని మాస్టర్‌కార్డు గాని జోడించాలి. రూపే కార్డు పనికిరాదు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉండాలి. చాలామంది ఇరుక్కునేది ఓటీపీ దగ్గర: ఇండియా సిమ్ తీసేసి అక్కడి సిమ్ వేసుకుంటే బ్యాంకు పంపే ఓటీపీ రాదు. మన సిమ్ రోమింగ్‌లో ఫోన్‌లోనే ఉంచి, డేటాకి విడిగా ట్రావెల్ ఈ-సిమ్ వేసుకోవడం తేలిక. అలాంటి ఈ-సిమ్ డేటా సాధారణంగా బయటి దేశం మీదుగా వెళ్తుంది కాబట్టి వాట్సాప్, జీమెయిల్ కూడా నడుస్తాయి. హోటల్ వైఫైలో అవి రావు.

అలీపేలో విదేశీ కార్డుతో 200 యువాన్ల లోపు కడితే అదనపు రుసుము లేదు, దాటితే 3 శాతం పడుతుంది. 380 యువాన్ల బిల్లయితే రెండు సార్లుగా కడతామని అడగండి, మామూలుగా ఎవరూ కాదనరు. సంత కోసం పది, ఇరవై యువాన్ల నోట్లు కొన్ని దగ్గరుండాలి. వంద నోటిస్తే కొండల మీంచి దిగొచ్చిన ముసలమ్మ దగ్గర చిల్లర ఉండదు.

గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు. చైనాలో మ్యాపులకు వాళ్ల అక్షాంశ రేఖాంశాల లెక్క వేరు, అందుకని మనం ఒకచోట ఉంటే చుక్క ఇంకోచోట, కొన్ని వందల మీటర్ల తేడాలో కనబడుతుంది. యామ్యాప్ అనే స్థానిక యాప్‌లో ఇంగ్లీషు కూడా ఉంది. దాంతోపాటు గెస్ట్‌హౌస్ పేరు, చిరునామా, ఫోన్ నంబరు చైనీస్ అక్షరాల్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వ్యాన్ డ్రైవర్‌కి చూపించాల్సింది అదే. నోటితో చెప్తే మన ఉచ్చారణ వాళ్లకి అర్థం కాదు.

విదేశీయులు ఎక్కడ బస చేసినా 24 గంటల్లో పోలీసు నమోదు జరగాలి. హోటల్ అయితే పాస్‌పోర్టు స్కాన్ చేసి వాళ్లే చేస్తారు. చిన్న చిన్న సత్రాల వాళ్లకి విదేశీ పాస్‌పోర్టు ఎలా ఎక్కించాలో తెలియకపోవచ్చు. ముందే మెసేజ్ పెట్టి అడిగితే, రాత్రి తొమ్మిదికి సూట్‌కేసుతో వీధిలో నిలబడే పని తప్పుతుంది.

యున్నాన్ రాజధాని కున్మింగ్ నుంచి దాలీకి రైలులో సుమారు రెండు గంటలు. టికెట్లు ప్రయాణానికి 15 రోజుల ముందు తెరుస్తారు. చేతికి కాగితం ఏమీ ఇవ్వరు, పాస్‌పోర్టే టికెట్టు. స్టేషన్‌లో ఆటోమేటిక్ గేటు పాస్‌పోర్టుని చదవలేదంటే గాభరా పడక్కర్లేదు, చివర మనిషి కూర్చున్న గేటుకి వెళ్లాలి. సామాను తనిఖీలో కూరగాయల చాకైనా తీసేసుకుంటారు. దేశం లోపల విమానం ఎక్కేట్టయితే ఇంకో మెలిక: 2025 జూన్ 28 నుంచి పవర్‌బ్యాంక్ మీద చైనా భద్రతా ముద్ర అయిన 3సీ గుర్తు లేకపోతే విమానంలోకి రానివ్వరు. మనం ఇక్కడ కొన్నవాటి మీద ఆ గుర్తు సాధారణంగా ఉండదు.

షాశీకి రైలు లేదు. దాలీ కొత్త ఊరు శ్యాగ్వాన్ నుంచి జ్యెన్‌చ్వాన్ దాకా బస్సు, అక్కణ్ణుంచి దక్షిణంగా ముప్ఫై కిలోమీటర్లు వ్యాన్. ఈ వ్యాన్లకి టైమంటూ లేదు, సీట్లు నిండితే కదులుతాయి. లీజ్యాంగ్ వైపు నుంచి వచ్చినా జ్యెన్‌చ్వాన్ మీదుగానే. సాయంత్రమయ్యే కొద్దీ మనుషులు తగ్గుతారు, వ్యాన్ నిండదు, ఖాళీ సీట్ల డబ్బు కూడా మనమే ఇచ్చుకోవాలి. మధ్యాహ్నం మూడు లోపు జ్యెన్‌చ్వాన్ చేరేలా చూసుకుంటే ఈ తంటా ఉండదు. నేరుగా వెళ్లే షేర్ కార్లు కూడా ఉంటాయి, వాటి సంగతి గెస్ట్‌హౌస్ వాళ్లనడిగితే తేలిపోతుంది.

షాశీ సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది, అంటే దాదాపు ఊటీ అంత. ఆయాసం ఉండదు గాని ఎండ చురుక్కుమంటుంది, పొద్దుగూకగానే చలి. చలికాలంలో గదిలో హీటర్ ఉందా అని కాదు, పరుపు మీద కరెంటు దుప్పటి ఉందా అని అడగాలి. చైనా అంతటికీ బీజింగ్ టైమే కాబట్టి ఇక్కడ డిసెంబరులో సూర్యుడు వచ్చేసరికి ఎనిమిది కావస్తుంది. ఆరున్నరకి లేచి ఫోటోలకి వెళ్తే చీకట్లో కుక్కలు మొరుగుతాయి, అంతే.

ఊరికి నడిబొడ్డు సిదెంగ్ వీధి. ఇక్కడివాళ్లు బాయ్ జాతి వాళ్లు, వాళ్ల భాషలో దెంగ్ అంటే చోటు. గుడి ఉన్న చోటు కాబట్టి సిదెంగ్. ఎర్ర ఇసుకరాయి పలకలు పరిచిన చౌకు, మధ్యలో రెండు ముసలి చెట్లు, ఒకవైపు 1415లో కట్టిన శింగ్‌జ్యావ్ గుడి, దానికి సరిగ్గా ఎదురుగా అంచులు పైకి లేచిన కప్పులతో నాటకాల వేదిక. దేవుడు తన వాకిట్లోంచే నాటకం చూడాలన్నట్టు కట్టారు. టీ పొట్లాలు మోసుకుని టిబెట్ వైపు వెళ్లే గుర్రాల బిడార్లు ఆగిన చౌకు ఇది. ఈ గుడి అజలీ బౌద్ధానిది. అజలీ అన్నది మన ‘ఆచార్య’ మాటే, బాయ్ వాళ్ల నోట అలా అయింది. ఆ బౌద్ధంలో గురువులు పెళ్లి చేసుకుని సంసారం చేస్తారు, గురుత్వం తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మన పురోహితుల ఇళ్ల పద్ధతి తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

చౌకు ఈపాటికి కూలిపోవలసింది. ప్రపంచ కట్టడాల నిధి సంస్థ దీన్ని 2002 ప్రమాద జాబితాలో చేర్చాక, జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్. విశ్వవిద్యాలయం, జ్యెన్‌చ్వాన్ జిల్లా కలిసి బాగుచేశాయి. కొత్తగా కట్టి పాతగా రంగు వేసే పని ఇక్కడ జరగలేదు. తూర్పు గేటు దగ్గర నిలబడి గోడని దగ్గరగా చూడండి. కింద రాతి పునాది, దాని మీద గడ్డి కలిపిన మట్టి ఇటుకలు, గడ్డిపోచలు ఇంకా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. పడిపోయిన ముక్కని మళ్లీ మట్టితోనే పూడ్చారు, పాతకీ కొత్తకీ మధ్య రంగు తేడాని దాచలేదు. ఇక్కడి ఇళ్ల బరువు గోడల మీద ఉండదు, కొయ్య చట్రం మీద ఉంటుంది. దూలాలు ఒకదాన్లో ఒకటి గాడితో బిగించి ఉంటాయి. భూకంపం వస్తే చట్రం ఊగుతుంది, గోడ రాలితే రాలుతుంది, ఇల్లు మాత్రం నిలబడుతుంది. జ్యెన్‌చ్వాన్ వడ్రంగులకి యున్నాన్ అంతటా పేరుంది, అది ఊరికే రాలేదు. ఈ కొయ్య ఇళ్లలోనే గెస్ట్‌హౌస్‌లు నడుస్తున్నాయి కాబట్టి పై అంతస్తులో ఎవరు నడిచినా కింద పడుకున్నవాళ్ల నెత్తిమీద నడిచినట్టే. నిద్ర తేలిక అయినవాళ్లు పై గదే అడగాలి.

షిబావ్‌షాన్ కొండకి నడిచి వెళ్తే రెండు మూడు గంటల ఎక్కుడు, లేదా వ్యాన్ మాట్లాడుకోవచ్చు. మేం వ్యాన్‌లో ఎక్కి నడిచి దిగాం, మోకాళ్లకి అలా మంచిదనుకుని. మెట్లు దిగడం ఎక్కడం కన్నా హింస అని సగం దారిలో తెలిసింది. షిజుంగ్ గుడి వెనక, ఎర్ర ఇసుకరాతిలో నాన్‌జావ్, దాలీ రాజ్యాల కాలంలో చెక్కిన గుహలున్నాయి, మొదటివి 9వ శతాబ్దివి. ఒకదాన్లో నాన్‌జావ్ రాజు గలోఫంగ్ కొలువు తీరి ఉంటాడు. బుద్ధుడున్న కొండ మీదే రాజుకీ గుహ చెక్కారు. ఎనిమిదో గుహలో, బుద్ధుడు కూర్చోవలసిన పద్మపీఠం మీద ఉన్నది స్త్రీ యోని. బాయ్ వాళ్లు ఆయాంగ్‌బాయ్ అంటారు. పిల్లలు కావాలని, కాన్పు తేలికవాలని వచ్చిన ఆడవాళ్లు తరతరాలుగా నూనె రాయడం వల్ల రాయి నల్లగా నిగనిగలాడుతోంది. చైనా యాత్రికులు అక్కడ కాస్త సిగ్గుపడుతూ నవ్వుకుంటారు. లజ్జాగౌరిని చూసిన తెలుగువాళ్లకి ఆశ్చర్యం వేరే రకంగా ఉంటుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. అదే కొండ మీద బావ్‌శ్యాంగ్ గుడి వైపు కోతులుంటాయి. తిరుమల మెట్ల మీద చేసినట్టే, తినేవన్నీ సంచిలో పెట్టి జిప్పు వేసేయాలి.

శుక్రవారం సంత ఇప్పుడు పాత చౌకులో కాదు, కొత్త ఊరి రోడ్డు మీద. తొమ్మిదికి వెళ్తే ఇంకా సర్దుకుంటుంటారు, పది నుంచి ఒంటిగంట దాకా కళ. కొండల మీది యీ తెగ ఆడవాళ్లు నల్లటి వెడల్పాటి తలపాగా టోపీలతో దిగొస్తారు. పందిపిల్లలు, కొడవళ్లు, పొగాకు, వెదురు బుట్టలు, మిరపకాయలు, పళ్లు పీకే బల్ల, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఫోటో తీసేముందు చేత్తో సైగ చేసి అడగండి. ముసలివాళ్లు వద్దంటే వద్దనే.

తిండి దగ్గర శాకాహారులకి ఒక శుభవార్త, ఒక హెచ్చరిక. చైనాలో పాలు విరగ్గొట్టి తినే చోట్లు తక్కువ, వాటిలో ఇదొకటి. రుబింగ్ అంటే మేక పాలతో చేసిన పనీరే. ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా వేయించి ఉప్పు, మిరియాలతో ఇస్తారు. రుషాన్ ఇంకా చిత్రం. పుల్లటి కాయ నానబెట్టిన నీళ్లు బాణలిలో వేడి చేసి, అందులో గిన్నెడు ఆవు పాలు పోస్తారు. పుల్లతో తిప్పుతుంటే విరుగు అంతా ఒక ముద్దగా పుల్లకి చుట్టుకుంటుంది. దాన్ని వేడి మీదే పిసికి, అప్పడం పిండి సాగదీసినట్టు సాగదీసి, రెండు వెదురు కర్రలకి చుట్టి ఎండబెడతారు. నీళ్లు బాగా మరిగిపోతే విరుగు గట్టిపడి సాగదు, చల్లారితే ముద్ద కట్టదు. ఎండాక పసుపుపచ్చ కాగితంలా ఉంటుంది. నిప్పుల మీద చూపిస్తే బుడగలు పొంగుతుంది, గులాబీ రేకుల జామ్ పూసి చుట్టి ఇస్తారు.

ఇక హెచ్చరిక. కూర ఏదైనా పంది కొవ్వులో వేయించే అలవాటుంది. ‘వో చ్‌ర్ సూ’ అంటే నేను శాకాహారిని అని, కాని అది ఒక్కటే చాలదు. ‘బు యావ్ జూ యోవ్’, పంది కొవ్వు వద్దు, అని కూడా కలపాలి, లేదా ఫోన్‌లో రాసి చూపించాలి. ఎముకల రసం పోస్తారు కాబట్టి నూడిల్స్ గిన్నె దగ్గర మళ్లీ అడగాలి. ఏ గొడవా లేనిది పొద్దున దొరికే శీదోఫెన్, బఠాణీ పిండి జావ. మీద వేసే మాంసం పొడి మాత్రం వద్దనండి. వర్షాకాలంలో అడవి పుట్టగొడుగులు ఊరంతా నిండిపోతాయి. కోస్తే నీలం తిరిగే రకం సరిగా ఉడక్కపోతే గాల్లో చిట్టి మనుషులు కనబడతారని యున్నాన్ వాళ్లే జోకులు వేసుకుంటారు. బల్ల మీదే కుండలో ఉడికించుకు తినే హాట్‌పాట్ హోటళ్లలో ఉడికే టైము పూర్తయ్యేదాకా గరిటె ముట్టనివ్వరు. ఆకలేసినా ఆగాలి. ఇంకో మాట, ఎక్కడికెళ్లినా మరుగుదొడ్లలో నీళ్లూ ఉండవు, కాగితమూ ఉండదు. సంచిలో ఒక సీసా, ఒక టిష్యూ పొట్లం ఉండి తీరాలి.

సంత అయ్యాక సైకిల్ మీద పొలాల్లోంచి బెయ్‌లుంగ్ గ్రామానికి వెళ్లొచ్చు. అక్కడ పాత ధాన్యం గిడ్డంగిని పుస్తకాల షాపు చేశారు. పక్కనున్న పొగాకు బ్యారన్‌ని, అవును, మన ప్రకాశం, గుంటూరు రైతులు ఆకు కాల్చే బ్యారన్ లాంటిదాన్నే, లోపల మెట్లు పెట్టి కవిత్వం గోపురంగా మార్చారు. తిరుగుదారిలో యూజిన్ వంతెన వస్తుంది. ఒక్కటే రాతి కమాను, కింద హెయ్‌హ్వీ నది. ఆ నీళ్లు చివరికి మెకాంగ్‌లో కలుస్తాయి. సాయంత్రం ఆరు దాటాక పగటి జనం వెళ్లిపోతారు, వంతెన మీద ఊరివాళ్లే మిగులుతారు.

శనివారం ఎనిమిదికల్లా జ్యెన్‌చ్వాన్ వైపు వ్యాన్లు సులువుగా నిండుతాయి. దాలీలో రైలు పట్టుకోవాలంటే షాశీ వదిలిన టైముకీ రైలు టైముకీ మధ్య కనీసం ఐదు గంటలు ఉంచుకోండి. జ్యెన్‌చ్వాన్‌లో బస్సు మారడానికి అందులో ఒక గంట ఇట్టే పోతుంది.