ముఖం మసక చేస్తే చాలదు

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద పరిశోధన చేసేవాళ్లకు ఫోటోవాయిస్ బాగా పనికొస్తుంది. ఊరివాళ్ల చేతికే ఫోన్ ఇచ్చి, వాళ్ల నీళ్లు, వంట, కష్టం వాళ్లనే తీయమనడం. 1990లలో చైనాలోని యునాన్ పల్లె మహిళలతో కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ దీన్ని మొదలుపెట్టారు.

పరిశోధనకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి పంపే కాగితంలో 'ముఖాలు మసక చేస్తాం' అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. ఇక్కడ అది చెల్లదు. ఎముకలకు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చే జబ్బు) పట్టిన మనిషిని ఊరు ముఖం చూసి కాదు, వంగిన నడుం, మోకాళ్లు, పట్టుకున్న కర్ర చూసి గుర్తుపడుతుంది. వెనక గోడ మీద ఇంటి నంబరు ఉంటే చెప్పనే అక్కర్లేదు. కాబట్టి బిందె పట్టుకున్న చేతులదాకానో, కర్ర నీడదాకానో ఫోటోను కత్తిరించాలి. ఫ్లోరైడ్‌తో మచ్చలు పడ్డ పిల్లల గారపళ్లయితే పెదవులు, పళ్లు మాత్రమే. అలాగని 'నా ముఖం కనబడాలె' అనే అవ్వ ముఖాన్ని అడక్కుండా మసక చేయడమూ తప్పే.

సమ్మతి మూడుసార్లు అడగాలి. ఫోన్ తీసుకునే మనిషిని మొదట. ఫోటోలో పడే మనిషిని నొక్కకముందే: "ఫోటో తీస్త పెద్దమ్మా, మీటింగుల చూపిస్తరు, సరేనా?" అసలైనది మూడోది. ప్రింట్ చేతిలో పెట్టి, రిపోర్టుకా, క్లాసుకా, పేపరుకా, నెట్‌కా అని ఒక్కో ఫోటోకు విడివిడిగా అడగాలి. తన ఒళ్లు కాగితం మీద చూసుకున్నాక మనసు మారేవాళ్లుంటారు.

చదువు రానివాళ్లకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం చదివి వినిపించి, ఏ పక్షానికీ చెందని సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. ఆశా కార్యకర్తను సాక్షిగా పెట్టకపోతే మంచిది. రేపు ఆమెతో పని పడుతుందని కాదనలేరు. ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల నుంచి నోటిమాటగా, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు. తల్లిదండ్రుల సంతకం ఎలాగూ ఉండాలి. పింఛను సంగతి తప్పక చెప్పాలి. ఒళ్లు ఫోటో తీస్తే వికలాంగుల పింఛను కోసమే అనుకుంటారు. 'దీనికీ పింఛనుకూ సంబంధం లేదు' అని నోటితో అనాలి, కాగితంలో రాస్తే సరిపోదు.

ఫోన్ ఇచ్చేముందు కెమెరాలో లొకేషన్, గూగుల్ ఫోటోస్ బ్యాకప్ రెండూ ఆపేయాలి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫోటోలో దాగిన లొకేషన్ కూడా వెళ్తుంది. మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది గానీ గ్రూపులో పడ్డాక వెనక్కి రాదు. అందుకే మెమరీ కార్డు చేతికి చేతిగా తీసుకోవడమే మేలు.

మొదటి ప్రదర్శన తీసినవాళ్లకే, ఏదో ఒక ఇంటి వాకిట్లో. ఎవరైనా తన ఫోటో గోడ మీంచి తీసేస్తే కారణం అడగకుండా ఆ ఫోటో నంబరు అదే రోజు వాడుకునే ఫోటోల జాబితాలోంచి కొట్టేయాలి.