గోదావరి డెల్టాలో చర్చి డిజైన్: శిఖరం కన్నా ముందు చూడాల్సినవి

సంఘపెద్దలు ఆర్కిటెక్టును మొట్టమొదట అడిగేది శిఖరం ఎంత ఎత్తు పెడదామని. ఆర్కిటెక్టు ముందు తెలుసుకోవాల్సింది వాళ్లది ఏ శాఖ అన్నది. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లకు బలిపీఠం ప్రతి వరుస నుంచీ కనిపించాలి. 1836లో వచ్చిన మిషనరీలతో డెల్టాలో వేళ్లూనుకున్న బ్రదరన్ మందిరాల్లో బలిపీఠమే ఉండదు. వాళ్లకు రొట్టె విరిచే బల్ల, వాక్యం చెప్పే వేదిక, ముంచి బాప్తిస్మమిచ్చే తొట్టి కావాలి. ఐదేళ్ల బీఆర్క్ చదివి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనంత మాత్రాన ఇవి తెలిసిపోవు. ఆదివారాలు ఒక్కో శాఖ ఆరాధనకు వెళ్లి, వెనక వరుసలో కూర్చుని చూడాల్సిందే.

తర్వాత మట్టి. భీమవరం, పాలకొల్లు వైపు నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మట్టి పరీక్ష రిపోర్టు చేతికి రాకుండా పునాది గీయకూడదు. గోడల్ని మోసే ప్లింత్ బీము కింద 75 నుంచి 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, లేకపోతే ఉబ్బిన మట్టి బీమును పైకి నెట్టి గోడల్ని చీలుస్తుంది. చదరపు అడుగు నేల మీద శిఖరం మోపే బరువు హాలు మోపేదాని కన్నా చాలా ఎక్కువ కాబట్టి అది ఎక్కువ కుంగుతుంది. రెండింటినీ ఒకే పునాదిపై కట్టేస్తే అవి కలిసేచోట పగులు ఖాయం. అందుకే శిఖరానికి వేరే పునాది వేసి, మధ్యలో 25 మిల్లీమీటర్ల సందు వదలాలి.

ఎక్కువమంది పట్టించుకోనిది మాత్రం శబ్దం. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 22 అడుగుల ఎత్తు హాలునే తీసుకోండి. గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్, కింద గ్రానైట్, పైన కాంక్రీటు శ్లాబు. హాలు పరిమాణాన్నీ, అందులోని ఉపరితలాలు పీల్చే శబ్దాన్నీ బట్టి ప్రతిధ్వని ఎంతసేపు ఉంటుందో చెప్పే సబీన్ సూత్రంతో లెక్కేస్తే ఖాళీ హాల్లో ప్రతిధ్వని దాదాపు 9 సెకన్లు నిలుస్తుంది. ఆదివారం 250 మంది కూర్చుంటే మనుషులే శబ్దాన్ని పీల్చుకుంటారు, 2 సెకన్లకు దిగుతుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు 30 మందే వస్తే మళ్లీ 6 సెకన్ల పైనే. పాస్టరుగారి మాటలు ఒకదానిమీద ఒకటి పడి ముద్దయిపోతాయి. దానికి ఇంకో రెండు స్పీకర్లు కొనేస్తారు, గోల ఇంకా పెరుగుతుంది. వెనక గోడకు శబ్దాన్ని పీల్చే ప్యానెళ్లు, పైన చిల్లుల ఫాల్స్ సీలింగ్ వేయాలి. ఆ ఖర్చు ఎస్టిమేటులో మొదటే రాయాలి. చివరికి వదిలేస్తే ఆ డబ్బు తోరణానికో రంగులకో వెళ్లిపోతుంది.

కానుకల మీద నడిచే పని ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఏళ్లకేళ్లు సాగుతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్లలో స్తంభాల పైన వదిలేసిన చువ్వలు ఉప్పుగాలికి పొరలు పొరలుగా తుప్పు రాలుస్తాయి. పని ఆపే రోజే వాటికి సిమెంటు పాలు పట్టించి, పైన పలుచగా కాంక్రీటు కప్పించాలి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆ కాంక్రీటు పగలగొట్టి, చువ్వ మందం కొలిచాకే పైఅంతస్తు పోయాలి.