రాతి మీద నికొలెట్ పేరు

మినియాపొలిస్‌లో నికొలెట్ అవెన్యూ మీదుగా ఆరేళ్లుగా ఆఫీసుకి వెళ్తున్నాను. "ఎవరమ్మా ఈ నికొలెట్?" అని నాన్న అడిగేదాకా ఆ పేరు గురించి ఆలోచించనే లేదు. నాన్న ఖమ్మం జిల్లాలో ముప్ఫై ఏళ్లు సర్వేయర్‌గా పనిచేశారు. ఆయనకి చూపించాల్సిన చోటు నైరుతి మినెసోటాలో ఎర్రరాతి గనులున్న పైప్‌స్టోన్ అనిపించింది. కారులో మూడున్నర గంటలు పట్టింది.

జోసెఫ్ నికొలెట్ ఫ్రాన్స్‌లో ఖగోళ శాస్త్రవేత్త. అక్కడ ఉన్నదంతా పోగొట్టుకుని 1832లో అమెరికా వచ్చాడు. ఈ ప్రాంతానికి మ్యాపు గీసే పనిలో 1836లో మిసిసిపి నది పుట్టే ఇటాస్కా సరస్సు దాకా వెళ్లాడు. 1838 వేసవిలో ఈ ఎర్రరాతి గనుల దగ్గర దిగాడు.

ఛాతీ ఎత్తు గడ్డిలో నడిచాం. గనిలో ఒకాయన సుత్తితో క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి పగలగొడుతున్నాడు. చిలుం చెక్కే మెత్తని ఎర్రరాయి దాని అడుగున పలుచని పొరగా ఉంటుంది. దాన్ని తవ్వుకునే హక్కు ఇప్పటికీ ఆదివాసీ తెగలవాళ్లదే. యంత్రాలు లేవు, అంతా చేతిపనే.

విన్నెవిస్సా జలపాతం దాటాక ఒక బండ మీద నికొలెట్ పేరు, తోటివాళ్ల పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. నాన్న మోకాళ్ల మీద వంగి చూశారు.

"ఇంత బయల్లో కొలత గొలుసు లాగలేరు కదా, ఎలా కొలిచాడు?"

కోణాలు కొలిచే సెక్స్‌టెంట్‌తో సూర్యుడి ఎత్తు చూసి అక్షాంశం, కచ్చితమైన గడియారం క్రోనోమీటర్ సాయంతో రేఖాంశం, గాలి పీడనం కొలిచే పాదరసం బారోమీటర్‌తో నేల ఎత్తు లెక్కకట్టేవాడని చెప్పాను. గుర్రాల మీద, పడవల్లో ఆ గాజుగొట్టం పగలకుండా మోయాలి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

వాగులకీ సరస్సులకీ ఇక్కడి ఆదివాసీలైన డకోటా, ఒజిబ్వేవాళ్లు పిలిచే పేర్లనే అడిగి మ్యాపులో రాశాడని చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. "మేమూ అంతేనమ్మా. చెలక పేరు రైతునడిగే రాసేవాళ్లం."

మ్యాపు 1843లో అచ్చయింది, అదే ఏడాది నికొలెట్ పోయాడు. 1851లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందాలతో డకోటావాళ్ల చేతిలోంచి దక్షిణ మినెసోటా నేల చాలావరకు జారిపోయింది. మ్యాపులో పేర్లు మిగలడం, మనుషులు తరలిపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తిరిగొస్తూ నాన్న జలపాతం దగ్గర ఆగారు. దాని పేరు నాతో రెండుసార్లు పలికించుకుని, జేబు డైరీలో తెలుగులో రాసుకున్నారు.