జాతీయ పతాకం: బిట్లు ఎక్కడ తప్పుతాయంటే

గ్రూప్స్‌కి చదువుతున్న మిత్రులకు,

జెండా టాపిక్ అనగానే "తెలిసిందే కదా" అని పేజీ తిప్పేస్తాం. 1921, 1931, 1947 జెండాలు మూడూ తలలో కలిసిపోయి మార్కు పోయేది అందుకే. తెల్లకాగితం మీద మూడింటినీ పక్కపక్కన రంగు పెన్సిళ్లతో గీయండి. చదివి గుర్తుపెట్టుకోవడం కంటే ఇదే గట్టిగా నిలుస్తుంది.

1921లో బెజవాడ ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి ఇచ్చింది ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా. రాట్నం ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది, తెలుపు చేర్చమన్నది గాంధీజీ. చివరికి పైన తెలుపు, మధ్యన ఆకుపచ్చ, అడుగున ఎరుపు. కాషాయం గానీ అశోకచక్రం గానీ ఇందులో లేవు. స్టేట్‌మెంట్ బిట్లలో ఎక్కువమంది పడేది ఇక్కడే.

1931లో పట్టాభి సీతారామయ్య కన్వీనర్‌గా ఉన్న ఏడుగురి కమిటీ జెండా మొత్తం కాషాయంలో ఉండాలంది. ఏఐసీసీ ఒప్పుకోలేదు. ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్యలో రాట్నం ఖరారు చేసింది. రంగులకు మతాలతో సంబంధం లేదని చెబుతూ కాషాయానికి ధైర్యం, త్యాగం; తెలుపుకు సత్యం, శాంతి; ఆకుపచ్చకు విశ్వాసం, శౌర్యం అని అర్థాలిచ్చింది. 1947 జూలై 22న నెహ్రూ పెట్టిన జాతీయ పతాక తీర్మానంపై రాజ్యాంగ సభలో రాధాకృష్ణన్ చెప్పినవి వేరు: కాషాయం వైరాగ్యం, తెలుపు సత్యమార్గపు వెలుగు, ఆకుపచ్చ నేలతో మన బంధం, రాట్నం స్థానంలో వచ్చిన అశోకచక్రం ధర్మం. ప్రశ్నలో ఎవరి వివరణ అడిగారో చూశాకే ఆప్షన్లకు వెళ్లండి.

కొలతల్లో పొడవు, ఎత్తుల నిష్పత్తి 3:2. ఈ వరుస తిప్పి అడిగితే జవాబూ తిరగబడుతుంది. ముదురు నీలి చక్రానికి 24 ఆకులు. చక్రం తెల్లపట్టీ అంచులను తాకదు: 900×600 మి.మీ. జెండాలో పట్టీ 200 మి.మీ., చక్రం వ్యాసం 185. కారుకు 225×150 సైజు.

పతాక నియమావళి 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. పాత నోట్స్‌లో "ఖాదీ మాత్రమే", "సూర్యాస్తమయంలోపు దించాలి" అని ఉంటే కొట్టేయండి. 2021 డిసెంబరు సవరణతో పాలిస్టర్, యంత్రంపై నేసిన జెండాలు వచ్చాయి. 2022 జూలై నుంచి ఆరుబయట, పౌరుల ఇళ్లపై రాత్రీ ఉంచవచ్చు. జెండాను అవమానిస్తే శిక్షలు మాత్రం 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టంలో ఉన్నాయి. జెండా ఎగరేసే హక్కును రాజ్యాంగం 19(1)(ఎ)లోని భావప్రకటన స్వేచ్ఛతో ముడిపెట్టింది 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన నవీన్ జిందాల్ తీర్పు.

సగం అవనతం చేసేటప్పుడు ముందు జెండాను కొసదాకా ఎగరేసి, ఆపైన సగానికి తేవాలి. సాయంత్రం దించే ముందు కూడా మళ్లీ కొసదాకా ఎత్తాలి.