ఎయిట్ ఓమ్సే కదా మేడమ్

పదకొండున్నర దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. పొద్దుట్నుంచీ స్పీకర్ బాక్సులు అమ్మిన కొట్టతని మాట ఒకటే చెవిలో తిరుగుతోంది. "ఎయిట్ ఓమ్సే కదా మేడమ్, ఏ బాక్సులైనా ఒకటే."

పాటలు వినే నా యాంప్ (యాంప్లిఫయర్) సంగతి పోయిన నెలే రాశాను. 12 వాట్లు, చానెల్‌కి రెండేసి ఇఎల్84 ట్యూబులు, అంటే పాత రేడియోల్లో ఉండే వాల్వుల్లాంటివి. బాక్సులు తర్వాత కొన్నాం. కొట్టులో నేనడిగినవి రెండే ప్రశ్నలు: వీటి సెన్సిటివిటీ ఎంత, అంటే ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతాయి; ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, ఓమ్స్‌లో ఎంతవరకూ పడిపోతుంది? అడిగింది నేను, కొట్టతను జవాబు చెప్పింది ఈయనకి. ఈయనకి వీటి గొడవే పట్టదు, మొహమాటానికి తలూపారు. రెండోసారి అడిగితే బాక్సు వెనకున్న 8 అంకె మీద వేలుపెట్టి, "టెన్షన్ పడకండి మేడమ్" అని నవ్వాడు. తెలియకపోతే తెలియదనొచ్చు, అందులో నామోషీ ఏముంది? అన్ని వేలు పోసి కొనేవాళ్లకి సమాధానం చెప్పరా? ఆ నవ్వుకి నేను ఊరుకోకుండా ఉండాల్సింది. ఇప్పటికీ మండుతోంది.

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరని కచేరీ పెట్టాను. గాత్రం ఎంత హాయిగా ఉందో! తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) మొదలయ్యాక వాల్యూమ్ పెంచాను, అంతే. మృదంగం కుడివైపు కొట్టే చాపు దెబ్బ మొద్దుబారిపోయింది. ఎడమవైపు దెబ్బ దిండు మీద కొట్టినట్టుంది. యాంప్ అమ్మేద్దామని అప్పుడే అనేసుకున్నాను. ఫోటోలు కూడా తీశాను.

దుమ్ము తుడుద్దామని వెనక్కి తిప్పితే ట్యూబుల వేడికి ఆ వాసన వచ్చింది. వేడెక్కిన దుమ్ము వాసన. తెనాలిలో బాబాయి రేడియో రిపేరు కొట్టు వాసనే. బడి వదలగానే అక్కడికే పోయేదాన్ని. వెనక అట్ట తీసిన రేడియోలు బల్ల నిండా ఉండేవి. బాబాయి స్విచ్ వేస్తే ముందు ఏమీ వినపడేది కాదు. వాల్వుల్లో తీగ ఎర్రబడి, ముందువైపు ఆకుపచ్చ కన్ను మెల్లగా వెలిగేది. స్టేషన్ సరిగ్గా దొరికితే ఆ రెండు పచ్చరేకులూ దగ్గరికొచ్చేవి. విజయవాడ కేంద్రం వార్తలు మొదలైతే ఎదురుగా సోడా బండి దగ్గరున్నవాళ్లు కూడా ఆగి వినేవాళ్లు. "స్పీకర్ తీగ ఊడదీసి ఎప్పుడూ ఆన్ చెయ్యకమ్మా, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోద్ది" అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి లోడ్ లేకపోతే వోల్టేజి ఎక్కడికో ఎగిసి చుట్ట లోపల ఇన్సులేషన్ తినేస్తుందని చాలా ఏళ్లకి తెలిసింది.

ఆ రేడియోలో అవుట్‌పుట్ వాల్వు ఒక్కటే. మూడు నాలుగు వాట్లు. వీధి మొత్తానికి వినపడేది! దాని స్పీకరుది ఎనిమిదంగుళాల పల్చటి కాగితపు కోను, ఊదితే కదిలేంత తేలిక. నా బాక్సుల సెన్సిటివిటీ ఏమో 84 డెసిబెల్స్. 93వి కొని ఉంటే తేడా తొమ్మిదే అనిపిస్తుంది. కానీ మూడేసి డెసిబెల్స్‌కి పవర్ రెట్టింపు కావాలి. రెండు, నాలుగు, ఎనిమిది రెట్లు. వాటి మీద నా 12 వాట్లు చేసే పని వీటి మీద చెయ్యాలంటే 96 వాట్లుండాలి. తప్పు యాంప్‌ది కాదు, బాక్సులదే. యాంప్ ఫోటోలు డిలీట్ చేసేశాను. బాక్సులే అమ్మేస్తానని సాయంత్రం ఈయనతో చెప్పేశాను కూడా.

అన్నం తిన్నాక మళ్లీ ఆలోచనలో పడ్డాను. బీబీసీ వాళ్లు 1970లలో ప్రసారాల వ్యాన్లలో పెట్టుకోవడానికి చేసుకున్న ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్ సెన్సిటివిటీ వీటికన్నా తక్కువ, 82, 83. అయినా చిన్న గదిలో, దగ్గర కూర్చుని, ట్యూబ్ యాంప్‌తో దాన్ని ప్రాణంలా వినేవాళ్లున్నారు. మొదటి రకానికి 15 ఓమ్స్ ఉండేది, ట్యూబులకి అది తేలికైన బరువు. అంటే ఒక్క అంకె చూసి నేనూ తీర్పు చెప్పకూడదు కదా.

నా బాక్సుల ఇంపెడెన్స్ గ్రాఫ్ వెతికి పట్టుకున్నాను. పేరుకే 8. 200 హెర్ట్జ్ దగ్గర మూడున్నరకి పడిపోయింది, కింద 60 దగ్గర 25 దాకా లేచింది. ట్యూబ్ యాంప్ లోపలి ఇంపెడెన్స్ ఎక్కువ కాబట్టి ఆ ఎత్తుపల్లాలన్నీ శబ్దంలోకి దిగుతాయి. లేచిన చోట ఉబ్బుతుంది, పడిన చోట తగ్గుతుంది. దిండు మీద దెబ్బ అక్కణ్నుంచే. నేనడిగిన రెండో ప్రశ్న ఇదే!

పిల్లాడు పడుకున్నాక యాంప్ ఆపి, ప్లగ్ తీసి, చల్లారనిచ్చాను. యాంప్ వెనక 8 ఓమ్స్‌కీ 4 ఓమ్స్‌కీ వేరే బిగింపులుంటాయి; స్పీకర్ తీగలు రెండువైపులా 8 నుంచి ఊడదీసి 4 దగ్గర బిగించాను. ఇక్కడ పవర్ కొంచెం తగ్గుతుంది, స్పీకర్ మీద యాంప్ పట్టు పెరుగుతుంది. కుర్చీ బాక్సులకి ఐదడుగుల దూరానికి లాక్కుని తని మళ్లీ పెట్టాను, చిన్నగా. తొప్పి (మృదంగం ఎడమవైపు) గుమ్మని మోగి వెంటనే ఆగింది. చాపు తర్వాత చర్మం కదిలే ఆ సన్నటి చప్పుడు కూడా వినపడింది. రెండుసార్లు విన్నాను.

పెద్ద శబ్దానికి ఇవి చాలవు, అది నిజమే. 90 దాటినవి దొరికితే చూస్తాను. అప్పటిదాకా అమ్మను. పొద్దున లేవగానే సోఫా ముందుకి జరపాలి. టీవీకి దగ్గరైపోతుందని ఈయన ఒప్పుకోరేమో.